టోనీకి ఒక సమాధి

(బళ్లారి సత్యనారాయణపేటలో రెజీనమ్మ ఇల్లు. తెల్లారితే సమాధుల పండగ. ఆమె అక్క కొడుకు కెన్నెత్, చమురు కంపెనీ ఇంజినీరు, ఫోను పట్టుకొని ఎదురుగా కూర్చున్నాడు.)

"రెండు మాటలే చిన్నమ్మా. ఫోను చూసి చెప్తే చాలు."

"ఏం మాటలప్పా? మల్లా చెప్పు."

"సముద్రంలో మా చమురు ప్లాట్‌ఫారం ఉండాది కదా, అది పాతబడిపోయింది. చమురూ అయిపోయింది. పైదంతా కోసేస్తాం. కాళ్లు మాత్రం నీళ్లలోనే వదిలేస్తాం."

"మన టోనీ జారి పడినాడే, అదేనా?"

"అదే."

"శవం గూడా దొరకలా."

"అందుకే... ఆ కాళ్లు తీయొద్దు, అదే నా బిడ్డ సమాధి, అని నువ్వు చెప్తే..."

"నేనెప్పుడంటి అట్ల?"

"అనలేదు. అంటే... అనుకుంటావేమోనని..."

"సమాధంటే సున్నం కొట్టేకి ఉండాల. కొవ్వొత్తి ముట్టించేకి ఉండాల. ఏటా ఈ పండక్కి సంఘమంతా సమాధుల తోటకి పోతే నేను సుమ్నే, ఊరికే ఇంట్లో కూచుంటా. నీకు తెలీదా?"

"తెలుసు చిన్నమ్మా."

"కాళ్లు ఎందుకు తీయరు? తీసేకి రాదా?"

"వస్తాది. శానా ఖర్చు. ఉంటే చేపలు గూడా పెరుగుతాయి, నిజంగానే."

"మన కాడ గని గుంత వదిలేసినోళ్లూ ఇట్లే అనిరి. నీళ్లు నిలుస్తాయి, మేలే అని. మరి ఎవురు వద్దంటాండారు?"

"పడవోళ్లు. కాళ్లకి తగులుకొని వలలు చినుగుతాయంట. పోయినేడు ఒక పడవ తిరగబడింది."

"మనుషులు?"

"బతికినారు లే."

"బతికినారు లే! నన్ను చూపించి వాళ్ల నోరు మూయిస్తావా?"

"మీటింగులో ఇంకేం తోచలేదు చిన్నమ్మా. బళ్లారిలో ఒక తల్లి ఉండాది, ఆ కాళ్లే ఆమెకి కొడుకు సమాధి, తీయొద్దని ఏడుస్తాంది... అనేస్తిని. అందరూ గమ్మునైపోయిరి. పడవోళ్లు గూడా."

"అనేసినావా?"

"అనేస్తిని."

"నా మొగం చూసి చెప్పు."

"చూడలేను. సిగ్గుతో చచ్చిపోతాండా. ఇప్పుడు పైవాళ్లు వీడియో అడుగుతాండారు. నువ్వు చెప్పకపోతే నాది అబద్ధమైపోతాది."

"నేను చెప్పకపోతేనేనా?"

"కొంచెం నీళ్లిస్తావా?"

"ఇస్తా. ముందు ఇది విను. నిన్న కోస్తా నుంచి ఫోనొచ్చింది."

"ఎవురు?"

"పడవోళ్ల పెద్దాయన. మీ ఆఫీసులోనే నా నంబరు అడిగి తీసుకున్నాడంట. అమ్మా, తెలీక ఇన్నాళ్లు నీ బిడ్డ మీద వలలేసినాం, తప్పయింది, ఇంక ఆ పక్కకి పోము అని ఏడ్చినాడు."

"నువ్వేమంటివి?"

"నాకేం అర్థం కాలా. నువ్వొచ్చినాక అయింది."

"చిన్నమ్మా, నేను..."

"రేపు పొద్దున పడవలన్నీ తీసుకొని పోతాండారంట, టోనీకి పూలేసేకి. కొవ్వొత్తులు గాలికి ఆరిపోకుండా ఎట్ల పెట్టాలమ్మా అని అడిగినాడు. ఇదో నా ఫోను, పట్టుకో. ఆయనకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు."