శనాదివారాలు ఆపిన స్విచ్

హలో… ఆ, నేనే బావా. పొద్దున్నుంచి పదిసార్లు చేశాను, ఇప్పుడా పలకడం.

… ఏంటి, అక్క వార్డులో నడుస్తోందా? వద్దు, ముందు పడుకోబెట్టండి. … మీ జోకులు కట్టిపెట్టండి బావా. దాన్ని నవ్వించకండి కూడా, మీకు దండం పెడతాను.

… పడుకుందా. హమ్మయ్య. … చెప్తాను. ముందు మంచం దగ్గరున్న ఫైలు తియ్యండి. ఆపరేషన్ కాగితం మీద స్టిక్కర్ అంటించి ఉంటుంది… కుట్లేసిన దారం పొట్లానిది. కింద నంబరు చదవండి.

… ఏడు… నాలుగు… ఇంకోసారి చదవండి.

… ఉన్నాను. నా రిజిస్టర్‌లో నంబరుతో సరిచూశాను. అదే.

బావా, ఆ దారం మా ల్యాబ్‌లో పరీక్షించిందే. కడుపు లోపల వేసేది, దానంతటదే కరిగిపోయేది. లోపలి పొర అతుక్కునేదాకా, నాలుగు వారాలైనా గట్టిగా ఉండాలి. … అదే కదా నా పని. ఒంటి వేడి ఉన్న నీళ్లలో నానబెట్టి, వారం వారం లాగి చూడటం.

… చూశాను. కానీ ఒకసారి తొట్టిలో నీళ్లు ఇంకిపోయి హీటర్ కాలిపోతే మేనేజరు చెడామడా తిట్టాడు. అప్పట్నుంచి శనాదివారాలు స్విచ్ ఆపేసి వెళ్లేదాన్ని. … చల్లటి నీళ్లలో అది తొందరగా కరగదు. గట్టిగా ఉన్నట్టే కనబడింది. … అనుమానమొచ్చి, ఈసారి ఆపకుండా మళ్లీ పెట్టాను. ఇవాళ పన్నెండో రోజు. చేత్తో లాగితే తెగిపోయింది బావా.

… అక్కకి పదకొండో రోజు. నాకు తెలీదా.

… కట్టు తడిగా ఉందా? — ఏ రంగు? … గులాబీ రంగు నీళ్లు చెమట ఎలా అవుతాయి బావా, లోపలి కుట్లు విడిపోతున్నాయి. … దానికేం చెప్పకండి, భయపడుతుంది. డాక్టర్ని పిలవండి. పరిగెత్తండి.

… నమస్కారం డాక్టరుగారూ. మీరు కుట్లేసిన దారం నిలవదండి. … తెలుసండి, పాస్ అనే రాసుంటుంది. ఆ సంతకం నాదే. … మతిపోయి మాట్లాడట్లేదండి. … అవును, పేషెంటు చెల్లెల్ని. … ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటాను. ఆ నంబరు దారం ఇంకెవరికి వేశారో కూడా చూడండి, నూట నలభై పెట్టెలు వెళ్లాయి. … ఇప్పుడే థియేటర్‌కా. సరేనండి.

… బావా, ఏడవకండి. … అక్క అడుగుతోందా? — ఇవ్వండి.

… అక్కా. … ఏం లేదే, కుట్లు మళ్లీ వేస్తారంతే. … భయం లేదా? … ఎవరు చెప్పారు, మా ల్యాబ్ దారమని? … నేను చూసిన దారమైతే ఇంకేం భయమంటున్నావా…

అక్కా, నేను సరిగా చూళ్లేదే. … అక్కా?

… బావా, మీరా. — తీసుకెళ్లిపోయారా. వినకుండానే.