మురుకుల మీద పెట్టిన నింద

ఏంది మౌనికా, నా పన్ను ముచ్చట అడుగుతున్నవా? ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు. గీ ముచ్చటల నిజం నాకు మొదలు చెప్పింది నిజామాబాద్ పండ్ల డాక్టరమ్మ, సునీతమ్మ. గంతకుముందు రెండేండ్లు నేను ఇంకో తీరు చెప్పుకుంట తిరిగిన. ఆగు, వరుసగ చెప్త.

నేను కాలువల మేస్త్రిని గదా. బాన్సువాడ చుట్టు పిల్లకాలువలకు సిమెంటు పూసిన చేతులివి. మొదలు కాలువ చెక్కాలె, పైన వెడల్పు, కిందికి సన్నం. అడుగున పేరిన ఒండు బురద కడగాలె. గప్పుడు సిమెంటు. ఒండు మీదనే పూసినోని చేతులకెళ్లి తాపీ గుంజుకునేటోణ్ణి. మీ నాయనది గూడ గుంజుకున్న ఒకపారి, గది వేరే ముచ్చట.

ఇగ పన్ను. గీ బజార్ల డాక్టరు, వాని పేరెత్త బుద్ధికాదు, రూట్ కెనాల్ చేసిండు. పన్ను వేర్లకెళ్లి నరం తీసి, గా సందును సన్న ఆకురాయితోని గీకి, మందు నింపుతరు. వాడు ఫోన్ల మాట్లాడుకుంటనే గీకిండు. రెండు నెలలకు దవడ వాసింది. పోతే, గట్టియి నమిలినవా పెద్దాయనా, పన్ను పగిలింది అన్నడు. ముందురోజే మీ అమ్మ చేసిన మురుకులు తిన్న. గంతే, చీటీ మీద గదే రాసిండు. నాకు సదువు రాదాయె, నువ్వే సదివినవు.

నేను నమ్మిన. ఇంటికొచ్చి పళ్లెం ఇసిరికొట్టిన. కోడలి మురుకులు నా పన్ను పగలగొట్టినయని పెండ్లిళ్లల్ల గూడ చెప్పిన. మీ అమ్మ మురుకుల గొట్టం అటకెక్కిచ్చింది.

రెండేండ్లు గోళీలు మింగిన. పోయిన నెల చీము పడితే సునీతమ్మ కాడికి పోయిన. ఎక్స్‌రే చూపెట్టింది. మందు తెల్లగీత సగం దాంక పోయి ఆగింది. "తాతా, సందును సక్కగ చెక్కలే, లోపల కడగలే. మందు అంటక పక్కలకెళ్లి ఉమ్మి దిగింది. పన్నుకు పగులే లేదు" అన్నది.

ఒండు మీద పూత. నా నోట్లనే. పగులు కండ్ల చూడకుండ ఏ కూలోణ్ణి తిట్టలే నేను. మీ అమ్మను తిట్టిన.

గా డాక్టరును ఇడువ. చీటీ మీద రాత వానితోనే కొట్టేయిస్త, గది నా పని. నువ్వు గిది చెయ్యి బిడ్డా. నేను పోయి చెప్దామంటే నోరు రాదు. గీ రికార్డు మీ అమ్మకు ఇనిపియ్యి. పెండ్లిళ్లల్ల నా మాట ఇన్నోళ్లకు గూడ పంపు, తప్పు మురుకులది కాదని. సల్లగుండు.

గొట్టం దించుమని మాత్రం అడగకు. ఆమెనే దించితే దించనీ...