తొమ్మిది వారాల తర్వాత

అమెరికాలో, షాంటిలీలోని మానసిక వైద్యుల క్లినిక్ లోపలికెళ్లి వచ్చిన అక్క, కారులో తమ్ముడి పక్కన డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఎమ్మెస్ చదువుతున్న అతను నెలరోజులుగా గది దాటడం లేదు.

“అపాయింట్‌మెంట్ తొమ్మిది వారాల తర్వాతేనట్రా.”

“వదిలెయ్ అక్కా. నువ్వు ఎల్లుండి బ్రసెల్స్ వెళ్లాలిగా?”

“వెళ్లాలి. యూరప్ దేశాల్లో మానసిక వైద్యం ఎలా మెరుగుపరచాలో చెప్పే నా రిపోర్ట్ ప్రెజెంట్ చేయాలి.”

“అక్కడెలా చూస్తారు?”

“కొన్ని చోట్ల నర్సు ఇంటికే వస్తుంది. తిన్నావా, నిద్ర పట్టిందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగుతుంది.”

“చివరిది నువ్వెప్పుడూ అడగలేదు.”

ఆమె చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి. ఏం వినాల్సొస్తుందోనన్న భయంతోనే ఇన్నాళ్లూ అడగలేదు.

“అనిపిస్తోందా నాన్నా?”

“రోజూ.”

ఆమె కారు స్టార్ట్ చేసి ఆసుపత్రి ఎమర్జెన్సీ వైపు తిప్పింది.

“ఆసుపత్రిలో చేరితే చదువు ఆగిపోయి వీసా పోతుందేమో అక్కా.”

“పోనీరా.”

అతను సీటు బెల్టు పెట్టుకున్నాడు.