తొట్టెల్ల పొత్రం

"అవ్వా, మీ మనుమరాలికి సుత పుట్టంగనే తలల రక్తం కారిందట గదా? మా బాబుకు గట్లనే అయిందన్నరు. మా అత్తేమో పేరు ఇప్పుడే వద్దంటున్నది."

ఏందీ, వద్దన్నదా? కూసో ముందుగాల. చాయ్ తాగు. బాలింతవు, పొద్దట్నించి దవఖాన్ల బాబున్న అద్దాల పెట్టె కాడనే నిలబడ్డవు.

మా శ్రావణి ఏడో నెలల్నే పుట్టింది. పిడికెడంత... కాదులే, జెర పెద్దగనే ఉండె, రెండు అరచేతులల్ల పట్టేంత. నడినెత్తిన మెత్తగుంటది సూడు, మాడు, గక్కడ మిషన్ పెట్టి స్కాన్ తీసిన్రు. డాక్టరమ్మ మంచిగ సమజ్ చేపిచ్చింది. బిడ్డ మెదడు ఆఖరి నెలల్ల సుత తయారైతనే ఉంటదట. లోపటి రక్తనాళాలు పాల మీది మీగడంత పల్చగుంటయట, తొందరగ పుడితే తట్టుకోలేక చిట్లుతయట. ఎవ్వరి తప్పు గాదన్నది. నడుస్తదా అంటే, ఇప్పుడే చెప్పలేమన్నది.

ఇర్వయొకటో దినమొచ్చింది. తొట్టెల ఎయ్యాలె, పేరు పెట్టాలె. బిడ్డేమో దవఖాన్ల అద్దాల పెట్టెల. మా ఆడిబిడ్డ ఉండె, లాలాగూడ రైల్వే క్వార్టర్ల, నోరు పెద్దది గని వంట బంగారమసొంటిది. "ఉంటదో పోతదో తెల్వని దానికి పేరెందుకు వదినె, మాయ ఎక్కువైతది" అన్నది. నా కోడలు గోడ దిక్కు తిరిగి ఏడ్సింది. నాకు ఒళ్లు మండింది బిడ్డా!

మా దిక్కు తొట్టెల్ల ముందుగాల సన్నెకల్లు మీద నూరే పొత్రం పండబెడ్తం, తర్వాతనే బిడ్డను. రాయి లెక్క గట్టిగుండాలని. ఆ పొత్రం మా అమ్మ జాతరల రెండ్రూపాయలకు కొన్నది, గిప్పుడు గసొంటి రాయి యాడ దొర్కుతది? కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇంట్ల ఖాళీ తొట్టెల్ల దాన్నే పండబెట్టిన. ఊపిన. 'శ్రావణీ' అని గల్లీ అంత ఇననీకి పిల్చిన. నవ్వెటోళ్లు నవ్విన్రు. తెల్లారి నా కోడలు అద్దం కాడ గదే పేరుతోటి పిల్చింది.

అంత మంచిగైందని అబద్ధం చెప్ప. ఎడమకాలు ఈడుస్తది. కాలు కసరత్తుకు మారేడ్‌పల్లి దాక తిరుగుడు, శాన తక్లీఫ్ పడ్డం. లేటుగ నడిచింది, లెక్కలు సుత లేటుగ ఎక్కుతయి. నోరు మాత్రం మా ఆడిబిడ్డదే! ఇంటర్ సదువుతున్నది. ఇయ్యాల పొద్దుగాల టిఫిన్ కాడ నాతోటి కొట్లాడే పోయింది.

డాక్టర్లకే తెల్వనిది మీ అత్తకేం ఎర్క? గదిగో, మూలకున్నది పొత్రం. నువ్వు లేపకు, మీ ఆయన్ను పంపు. తల్లీకొడుకులు సల్లగుండున్రి. పేరు అనుకున్నవా? ఆ... ఆగు, నాకు చెప్పకు. అద్దం కాడికి పోయి ముందు వానికి చెప్పు.