ఒకే ఎరకి ఇద్దరు

టెనెస్సీ కొండల నడుమ, ఆనకట్ట వెనక నిలిచిన సరస్సు. మబ్బు పట్టిన ఉదయం. చిన్న అల్యూమినియం పడవ ముందు భాగంలో ఇద్దరు మగవాళ్ళు మోకాళ్ళ మీద ఎదురెదురుగా కూర్చున్నారు. పెద్దవాడు హార్లన్, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాడు. రెండోవాడు గ్రేడీ, హార్లన్ చనిపోయిన భార్య నోరీన్‌కి తమ్ముడు. ఇద్దరి మధ్యా వేలెడంత చెక్క చేప, బాస్ చేపలకి వేసే ఎర. దాని పొట్ట కింది కొక్కెం హార్లన్ ఎడమ చేతిలోనూ, తోక కింది కొక్కెం గ్రేడీ కుడి చేతిలోనూ దిగి ఉన్నాయి.

"కదలకు బావా. నువ్వు కదిలితే నాకు ఇంకొంచెం దిగుతోంది."

"నేను కదల్లేదు. పడవ కదిలింది."

"పడవ కదిలినా నువ్వు కదలకు."

"అదెలాగో చెప్పు, అలాగే చేస్తాను."

"నీ తెలివితేటలు తరవాత. కటింగ్ ప్లేయరేది?"

"నీ దగ్గరే ఉండాలి. చేప నోట్లోంచి కొక్కెం తీస్తూ నువ్వేగా పట్టుకున్నావు."

"పట్టుకున్నాను. అది ఒక్క తన్ను తన్నింది. చేపా పోయింది, ప్లేయరూ పోయింది, నీళ్ళలోకి."

"చేప బాగానే వెళ్ళిందిలే. తోక ఆడిస్తూ వెళ్ళడం చూశాను."

"మన చేతులు ఇలా తగులుకుని ఉంటే, నీకు దాని క్షేమం కావలసొచ్చింది."

"ముగ్గురు చిక్కుకున్నాం. ఒకళ్ళన్నా బయటపడ్డారు కదా అని."

"అసలు ఈ చెక్క చేపలు వద్దు బావా, పొట్ట కింద మూడు ముళ్ళు, తోక కింద మూడు ముళ్ళు, ఇది ఎర కాదు పందికొక్కుల బోను అని ఎన్నిసార్లు చెప్పాను? ఒంటి కొక్కెం కట్టుకుంటే ఈ పాట్లు ఉండేవా?"

"ఒంటి కొక్కేనికి చేప జారిపోతుంది."

"ఇప్పుడు జారలేదూ?"

"నీ చేతిలోంచి జారింది. నా కొక్కెంలోంచి కాదు."

"సరే, నాదే తప్పు. ఎప్పుడూ నాదే. ఉరుము విన్నావా?"

"విన్నాను. ఆనకట్ట అవతల."

"అవతల ఉన్నది ఇవతలికి రావడానికి ఎంతసేపు? రాడ్లు పడుకోబెట్టు. పిడుగుకి నిలబెట్టిన రాడ్డంటే మహా ఇష్టం."

"పడుకోబెట్టాను. ఇలాగే మోటారు స్టార్ట్ చేసి గట్టుకి పోలేమా?"

"దాని తాడు ఎంత జోరుగా లాగాలో తెలుసుగా. ఒక చెయ్యి తాడు లాగుతుంటే రెండో చెయ్యి చీలికలౌతుంది. నీదైనా, నాదైనా."

"ఇంకో ప్లేయరు లేదూ?"

"వెనక సీటు కింద, నా పెట్టెలో... లేదులే. అందులో ఉండదు."

"ఇప్పుడేగా ఉందన్నావు."

"ఉందనలేదు."

"చూస్తే పోయేదేముంది? ఇద్దరం కలిసి లేద్దాం. నువ్వు వెనక్కి అడుగెయ్యి, నేను ముందుకి వేస్తాను."

"నెమ్మది. నెమ్మది బావా. సంకెళ్ళేసి తీసుకెళ్తున్నట్టుంది."

"ఎవరు పోలీసు, ఎవరు దొంగ?"

"అదే తెలీడం లేదు. కూర్చో. ఆ మూత నువ్వు తియ్యకు, నేను తీస్తాను."

"తీసేశాను. ఒరేయ్ గ్రేడీ, ఏమిట్రా ఇవన్నీ?"

"కనపడ్డం లేదా? రబ్బరు పురుగులు."

"పెట్టె నిండా ఇవే. ఊదా రంగువి, ఆకుపచ్చవి, మచ్చలవి. ఒక్క కవరు కూడా చింపలేదే."

"కొంటూ ఉంటాం. ఎవరు కొనరు?"

"నువ్వు కొనవు. రబ్బరు పురుగేస్తే చేప కాటేసిందో, నాచు తగిలిందో తెలీక చావాలి అంటావు. ఇవేమిటి, గాజు దారం చుట్టలా? అల్లిక దారం తప్ప ఇంకేదీ దారమే కాదని నాతో ఎన్నేళ్ళు పోట్లాడావు?"

"మనిషన్నాక అభిప్రాయాలు మారకూడదా?"

"సీలైనా విప్పకుండా మారాయా?"

"ప్లేయరుందా, లేదా?"

"లేదు."

"లేదనేగా చెప్పాను. మూత పెట్టు. పెట్టు బావా."

"పెట్టాను. ఎందుకంత కోపం?"

"చేతిలో ఇనప ముల్లు దిగితే కోపం రాదా? ఇంక దారమే గతి. దారంతో లాగెయ్యాలి."

"డాక్టరైతే—"

"డాక్టరు గట్టు మీద కూడా లేడు, ఊళ్ళో ఉన్నాడు. నా జేబులో చాకు తియ్యి. ఎడమ జేబు. మూరెడు దారం కొయ్యి. నీ రీలులోంచి కాదు, నా దాంట్లోంచి."

"నా దారానికేమైంది?"

"నీది సాగుతుంది. సాగితే కొక్కెం సగంలో ఆగుతుంది. అప్పుడు నువ్వు పెట్టే కేకకి సరస్సులో చేపలన్నీ రాష్ట్రం దాటి జార్జియా పోతాయి. అల్లిక దారం సాగదు. ఒక్క లాగుకి వచ్చేస్తుంది."

"గ్రేడీ."

"కోశావా?"

"కోస్తాను. శనివారం సంగతి నువ్వింకా చెప్పలేదు."

"ఇప్పుడా?"

"ఇప్పుడైతే లేచి వెళ్ళిపోలేవు. నేనెప్పుడడిగినా మోటారు స్టార్ట్ చేసి చప్పుడు పెడుతున్నావు. శనివారం వెర్నానీ నన్నూ చర్చిలో ఒకటి చేస్తున్నారు. పెళ్ళికొడుకు తోడుగా నా పక్కన నిలబడరా అని అడిగాను. అవునను, కాదను. ఏదో ఒకటి అను."

"వానొస్తోంది బావా."

"రానీ."

"అక్క పోయి రెండేళ్ళు."

"నాకు తెలీదనుకున్నావా? ఇప్పటికీ పొద్దున్నే అలమారు తీస్తే రెండు కప్పులు చేతికొస్తాయి. ఒకటి మళ్ళీ లోపల పెడతాను."

"ఇంక పెట్టక్కర్లేదుగా. అందులో వెర్నాకి కాఫీ పొయ్యి."

"పొయ్యను. వెర్నా అడగలేదు కూడా. తన కప్పు తనే తెచ్చి నోరీన్ కప్పు పక్కన పెట్టుకుంది. దాని జోలికి వెళ్ళలేదు. అది చూసే నాకు... సరే, అదంతా ఎందుకులే. ఆమె కప్పుకి చెవి విరిగింది పాపం."

"దేనికి, నీలం చుక్కల దానికా? ఎప్పుడు?"

"ఆ కప్పు నీకెలా తెలుసు?"

"తన ఎరల కొట్లో గల్లా పక్కన పెట్టుకునేదిగా. ఎర కొనడానికి వెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు. దారం కోశావా, లేదా?"

"కోశాను. ఇదుగో. ఆమె నీకేం అపకారం చేసిందిరా?"

"నేనేమన్నా అన్నానా ఆమెని?"

"అనవు. పేరెత్తితే ముఖం ఒకలా పెడతావు."

"ఎలా?"

"ఇప్పుడు పెట్టావే, అలా."

"ముల్లు దిగి ఉంది బావా. నవ్వమంటావా?"

"పెళ్ళి సంగతి నేను చెప్పే ముందే నీకు తెలుసు. నీ ముఖంలో ఆశ్చర్యమే లేదు. ఎవరు చెప్పారు?"

"చిన్న ఊరు. ఎవరో చెప్పారు. ఆ దారం మడిచి, నీ చేతిలో దిగిన కొక్కెం వంపులోంచి తీసి నాకివ్వు. రెండు కొసలూ నా మణికట్టుకి చుట్టు. బిగించి చుట్టు."

"మాట మారుస్తున్నావు."

"మాట మార్చట్లేదు, చెయ్యి బాగు చేస్తున్నాను. ఇప్పుడు నీ కుడి చేత్తో కొక్కెం కాడని చర్మానికి ఆనించి అదిమిపెట్టు. అదిమితేనే లోపల ముల్లు వదులౌతుంది. ఇంకా కిందకి. అదీ."

"ఆమె తరఫున నిలబడ్డానికి ఎవరూ లేరు గ్రేడీ. నాన్న పోయాడు, అన్నదమ్ముల్లేరు. నా తరఫున ఉన్నది నువ్వొక్కడివి. నువ్వు కూడా రాకపోతే, నోరీన్ వైపు వాళ్ళు నన్ను కాదనుకున్నట్టే. ఈ పడవలో ఇంక ఒంటరిగానే రావాలి నేను."

"అలా మాట్లాడకు."

"మీ అక్కకి అన్యాయం చేస్తున్నానని నీకనిపిస్తే ఆ మాట నోరు తెరిచి చెప్పు. పడతాను. చెప్పకుండా కూర్చుంటేనే పడలేకపోతున్నాను."

"అదిమావా?"

"అదిమాను. మూడు లెక్కపెట్టి లాగు."

"అలాగే. ఒకటి. బావా, కాలేజీలో నువ్వు చెప్పింది ఏ పాఠం? లెక్కలా?"

"లెక్కలేమిట్రా, కెమిస్ట్రీ. ఇన్నేళ్ళుగా నన్నెరిగి ఎలా మర్చి— అమ్మా."

"వచ్చేసింది."

"మూడన్నావుగా."

"మూడు దాకా ఆగితే బిగబట్టుకుంటావు. బిగబడితే చీలుతుంది. మనిషిని మాటల్లో పెట్టి లాగాలి. వెర్నా అలాగే తీసింది."

"వెర్నా తీసిందా? ఎవరికి?"

"నాకే. ఒకసారి. వేలికి."

"నాకు చెప్పలేదే."

"చిన్న కొక్కెం. చెప్పేదేముంది?"

"నిన్ను మాటల్లో పెట్టడానికి ఏమడిగింది?"

"గుర్తు లేదు."

"గుర్తు లేదా?"

"ఇప్పుడిది అవసరమా? నీకు చేప వేయించింది ఇష్టమా, కాల్చింది ఇష్టమా అనడిగింది. చాలా? రక్తం కారుతోంది, జేబురుమాలు కట్టుకో."

"కట్టుకున్నాను. నరానికి తగల్లేదు, అదే పదివేలు. ఏమన్నావు మరి, వేయించిందా, కాల్చిందా?"

"చెప్పేలోపే లాగేసింది."

"ఇప్పుడు నీ వంతు. చెయ్యి ఇలా నా మోకాలి మీద పెట్టు."

"వాన మొదలైంది. తొందరగా కానీ. చూడు బావా, ఒక్కసారే, గట్టిగా లాగాలి. మధ్యలో జాలిపడ్డావో, సగంలో ఆగి కండలో తిరుగుతుంది."

"పడను."

"నీ సంగతి నాకు తెలీదూ? చేప నోట్లోంచి కొక్కెం తీసేటప్పుడు దానికి క్షమాపణ చెప్పే మనిషివి."

"అది చేప. నువ్వు బామ్మర్దివి. కాడ అదిమిపెట్టు."

"అదిమాను. కాస్త పక్కకి జరుగు, ఊడొచ్చి నీ కంట్లో పడగలదు."

"జరిగాను. దారం చుట్టుకున్నాను. గ్రేడీ."

"ఊఁ."

"శనివారం నా పక్కన నిలబడతావా?"

"ఇది అన్యాయం. మాటల్లో పెట్టడానికి వేరే మాటే దొరకలేదా?"

"నాకు ఇంకో మాట గుర్తు రావట్లేదు. నిలబడతావా?"

"ఆ కప్పు గురించి అడుగు. కెమిస్ట్రీ గురించి అడుగు."

"నిలబడతావా, నిలబడవా?"

"నిలబడను. హా..."

"వచ్చింది. మొత్తం వచ్చింది, చూడు. ముల్లు కూడా విరగలేదు."

"ఊఁ."

"గుడ్డ పట్టు. నొక్కి పట్టుకో."

"పట్టుకున్నాను."

"నొప్పికి అన్నావా, నిజంగానే అన్నావా?"

"నిజంగానే."

"సరే."

"బావా."

"సరేలేరా. ఏదో ఒకటి అనమన్నాను, అన్నావు. తెలిసింది, అదే నయం. ముందుకెళ్ళి కూర్చో, నేను మోటారు స్టార్ట్ చేస్తాను. రెయిన్ కోటు వేసుకో, నీకు చలి పడదు."

"ఆ తాడు వదిలి నా మాట విను."

"వినక్కర్లేదు. నోరీన్ నిన్ను చంకనేసుకుని పెంచింది. నువ్వలా అనుకోవడంలో తప్పులేదు. నీ మీద కోపం కూడా లేదు నాకు. ఉంటే బావుండేది."

"అక్క మాట కాదు బావా. అక్క పేరు అడ్డం పెట్టుకున్నాను, అంతే. అదొక్కటే నాకు సిగ్గుగా ఉంది. నీ పక్కన నిలబడలేను, ఎందుకంటే ఆమె పక్కన నడవాలి. తండ్రి లేడుగా. చర్చి గుమ్మం దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని నీ దాకా తీసుకురమ్మని నన్నడిగింది."

"వెర్నా? నిన్నా?"

"నీకు మాత్రం చెప్పద్దంది. తీసుకొస్తున్నది నోరీన్ తమ్ముడని ఆ రోజు చూస్తే నీ మనసు తేలికపడుతుందట."

"పడదూ మరి? ఒరేయ్, ఇప్పుడే పడింది. ఇంత మంచి కబురు కడుపులో పెట్టుకుని, నన్ను ఇన్నాళ్ళు ఏడిపిస్తావా? ఇందులో నువ్వు సణుక్కోవడానికేముందిరా? మళ్ళీ ఆ ముఖమేమిటి? కొక్కెం వచ్చేసిందిగా."

"అప్పటికి మీ ఇద్దరి సంగతీ నాకు తెలీదు బావా. ఆమె నన్నలా అడిగిన రోజు నేనూ ఆమెని ఒక మాట అడుగుదామనే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను."