మళ్లీ కొలిచి రండి

ఇద్దరిదీ ఒకే విభాగం, ఇద్దరూ ఒకే వాగు మీద పరిశోధన చేసినవాళ్లు. తండ్రి ప్రొఫెసరు, కొడుకు లెక్చరరు. ఆ ఉదయం తండ్రి గదిలోకి తలుపు తోసుకొచ్చిన కొడుకుది పలకరించే ముఖం కాదు.

“తలుపు కొట్టి రావాలని తెలీదా?”

“నా పేపరు తిరగ్గొట్టింది నువ్వే కదూ?”

“ఇక్కడ సార్ అను. ఎవరు పరిశీలించారో పత్రికవాళ్లు బయటపెట్టరు.”

“పెట్టక్కర్లేదు సార్! పరిశోధన పత్రం మీద ‘ఆలూ లేదు చూలూ లేదు’ అని రాసే మహానుభావుడు ఇంకెవరున్నారు?”

“సామెతలు ఎవడబ్బ సొమ్మూ కాదు.”

“కింద ఇంకో ముక్క. ‘వరద అంకెలు మళ్లీ కొలిచి రండి.’ ముప్పై ఏళ్ల కిందటి వరదని ఇప్పుడెలా కొలవను? వాగుని వెనక్కి పారమననా?”

“అయితే ఆ వరద తీసేసి రాయి.”

“తీసేస్తే ఏం మిగుల్తుంది? నా సూత్రం అతికినట్టు సరిపోయేది ఆ వరద మూడు నెలలకే. అవి నీ అంకెలే! నీకు పతకం తెచ్చిన అంకెలు!”

“గొంతు తగ్గించు. పక్కన క్లాసు జరుగుతోంది.”

“విననీ! సోమవారం నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఈ పేపరు లేకపోతే ఇంకో ఐదేళ్లు నేను ‘వాగు ప్రొఫెసరు గారి అబ్బాయి’నే.”

“నీకు అక్షరాలు దిద్దించిన చెయ్యిరా ఇది.”

“ఆ చెయ్యే ఇప్పుడు నా గొంతు నొక్కుతోంది. కొడుకు ఎదిగితే ఓర్వలేవు. అంతేగా?”

“అంతే.”

“ఏంటి అంతే?”

“ఓర్వలేను. కుళ్లు. సరేనా? ఇక వెళ్లు.”

“ఇంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదే నువ్వు! కూరలో ఉప్పెక్కువేశావంటేనే గంట వాదిస్తావు.”

“వెళ్లరా బాబూ.”

“వెళ్తా. ఇవాళే ఇంకో పత్రికకి పంపిస్తా. ఇదిగో, అప్పట్లో వాగు గట్టున నిలబడి నువ్వు రాసుకున్న నోటుబుక్కు, దీని పేజీలు కూడా జతచేసి మరీ. అప్పుడెవరు వంక పెడతారో చూస్తా.”

“అదిటివ్వు.”

“ఇవ్వను.”

“ఇవ్వమన్నానా!”

“అలా లాక్కుంటావేంటి? నాన్నా... ఏముంది ఇందులో?”

“తిప్పి చూడు. మూడు నెలలు వానలో తిరిగిన పుస్తకం కదా. ఎక్కడైనా ఒక్క నీటి మరక ఉందా?”

“...లేదు.”

“నేను వాగు దగ్గరికి వెళ్తే కదరా ఉండడానికి!”