విశ్వనాథం గారు ఈలేసి పంపిన మెయిల్

విశ్వనాథం గారిని ఒక్క మాట అడిగితే చాలు, చేతిలో టీ చల్లారిపోయినా సమాధానం చివరికి రాదు. జర్మనీలో ఈ ఎర్లాంగెన్ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. నెల క్రితం ఆయన పై వాటాలోకి దిగిన అక్షయకి మాత్రం తెలీదు.

ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. “అంకుల్, ఇంట్లకి నెట్ ఏ కంపెనీది తీసుకోమంటరు?”

అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. వచ్చే నెలలో అక్షయకి మాస్టర్స్ థీసిస్ వైవా ఉంది. కరోనా పుణ్యమా అని యూనివర్సిటీకి తాళం పడింది కాబట్టి వైవా వీడియోలోనే. ఇంట్లో చూస్తే నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజులు నెట్టుకొస్తున్నారు. పోయిన వారం ప్రొఫెసర్‌తో మాట్లాడుతుంటే ఆమె బొమ్మ నోరు తెరిచినట్టే బిగుసుకుపోయింది. తిరిగి కదలిక వచ్చేసరికి ఆ పెద్దమనిషి మర్యాదగా సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. వైవాలోనూ అదే జరిగితే వ్యవహారం వచ్చే సెమిస్టర్‌కి పోతుంది, గార్చింగ్‌లో ఆమె కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఈ దేశంలో కనెక్షన్‌కి ఇవాళ ఆర్డర్ పెడితే టెక్నీషియన్ వచ్చేది వారాల తర్వాత. అందుకని ఇవాళో రేపో ఏదో ఒకటి తేలాలి.

తేల్చాల్సింది ఆమె భర్త అఖిల్. మంచివాడే, కాకపోతే ఇస్త్రీపెట్టె కొనాలన్నా ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. ఇక్కడ నెట్ కాంట్రాక్ట్ అంటే రెండేళ్లు కదలడానికి వీల్లేదు. పైగా మానుకుంటామని ముందుగానే ఉత్తరం రాయడం మరిచిపోతే ఇంకో ఏడాది బందీ. తెలుగు వాట్సాప్ గ్రూపులో అలా ఇరుక్కున్నవాళ్ల కథలు చదివి చదివి అతనికి భయం పట్టుకుంది. కనిపించిన ప్రతివాణ్ణీ అడిగేవాడు, ప్రతివాడూ ఒక్కో పేరు చెప్పేవాడు, షీట్‌లో ఇంకో వరస పెరిగేది. ఇక లాభం లేదని, అనుభవమున్న పెద్దాయన ఒక్క పేరు చెప్పి ఈ గొడవ ముగిస్తారన్న ఆశతో అక్షయే అతన్ని కిందకి లాక్కొచ్చింది.

ఇంటి వెనక ఖాళీ జాగాలో, సైకిళ్ల స్టాండు పక్కన, ఆదివారం సాయంత్రపు ఎండలో నాలుగు కుర్చీలు వేశారు. రెండు ఇళ్లవాళ్లు ఆరుబయట కలుసుకోవచ్చని కొత్తగా సడలింపు ఇచ్చారు కాబట్టి, ఆ కుటుంబం అటు, ఈ కుటుంబం ఇటు, మధ్యలో స్టూలు మీద ఫ్లాస్కు, మిరపకాయ బజ్జీలు. మాస్కులు గడ్డాల కింద ఉన్నాయి. విశ్వనాథం గారి భార్య హైమావతి గ్లాసుల్లో టీ పోసి పెట్టింది.

“నెట్టా? అమ్మాయ్, నువ్వు సరైన గుమ్మానికే వచ్చావు,” అన్నారు విశ్వనాథం గారు, కుర్చీలో కాస్త ముందుకి జరిగి. ఆ ముందుకి జరగడం చూసి హైమావతి ఆయన గ్లాసు మీద మూత పెట్టింది.

“ఇప్పుడంటే గోడకి డబ్బా తగిలించుకుని వైఫై అంటున్నారు గానీ, నేను తొంభై తొమ్మిదిలో ఈ ఊరొచ్చినప్పుడు నెట్ అంటే ఏవనుకున్నావ్? ఫోన్ వైరు పీకి మోడెంకి గుచ్చాలి. అది నంబరు తిప్పి, కీచుమని, గర్రుమని, కాసేపు గోలపెట్టి, అప్పుడు కలుస్తుంది. కలిసిందా, ఇక ఇంటికి ఫోన్ రాదు. నిమిషానికింత అని బిల్లు. కంపెనీలంటావా, లెక్కే లేదు. పత్రిక కొంటే ఓ సీడీ, షాంపూ కొంటే ఓ సీడీ, మాది వాడి చూడండి బాబూ అని. జనం ఏదో ఒకటి తీసేసుకుని, సగం మెయిల్ వచ్చి సగం రాక ఏడుస్తున్నారు. నేనలా తీసేసుకుంటానా? ప్రతి కంపెనీ నంబరుకీ డయల్ చేసి, ఆ కీచుమన్న కూత విని, ఇది నికరమైన లైను, ఇది మధ్యలో జారిపోయే లైను అని చెప్పేసేవాణ్ణి. అంతే. పెద్ద విద్యేం కాదు, చెవి ఉండాలి.”

“నిజంగనే కూత విని చెప్పొచ్చా అంకుల్?” అన్నాడు అఖిల్. అతని కళ్లలో వెలుగు చూసి అక్షయ గుండె జారింది. షీట్‌లో కూతకి కూడా ఒక గడి పెట్టేలా ఉన్నాడు.

“చెప్పొచ్చా ఏవిటయ్యా, మొదట్లో లైను మంచిచెడ్డలే తెలిసేవి. చెవి కుదిరాక, అవతల సర్వర్ గదిలో కిటికీ తీసి ఉందో మూసి ఉందో కూడా తెలిసేది. ఓసారి కూత విని, ఆ గదిలో కాపలా కుర్రాడికి జలుబు చేసిందన్నాను. మర్నాడు ఫోన్ చేసి కనుక్కుంటే వాడు సెలవులో ఉన్నాడు. ఆ తర్వాత ఏవైందో తెలుసా? ఊరంతా పాకింది. ఈ మెట్ల మీద, ఇదిగో ఈ మెట్ల మీదే, జర్మన్లు ఫోన్లు చంకలో పెట్టుకుని వరసకట్టేవారు. మా లైను కాస్త విని చెప్పండి హేర్ విశ్వనాథం, అంటే విశ్వనాథం గారూ, అని. వాళ్లకి వరసలో నిలబడటం ఇష్టమే కదా, ఎవరూ విసుక్కోలేదు. మన హౌస్‌మాస్టర్ లేడూ, కాపలాదారు, వాడు టోకెన్లిచ్చేవాడు.”

“మన హౌస్‌మాస్టరా అంకుల్? ఆయనకి నా అంత వయసు కూడా ఉండదు గదా,” అంది అక్షయ.

“వాడు కాదమ్మా, వాడి ముందు వాడు. వినవేం మరి. అన్ని కూతలు వినీ వినీ నాకు ఆ రాగం వచ్చేసింది. ఓ రోజు మోడెం చెడిపోయింది. హైమకి మెయిల్ రాయాలి. అప్పటికి మాకు నిశ్చితార్థం అయింది, పెళ్లి కాలేదు. తను కాకినాడలో నెట్ సెంటర్‌లో కూర్చుని నా మెయిల్ కోసం ఎదురు చూస్తోంది. ఏం చెయ్యను? రిసీవర్ తీసి, నోటితో ఈల వేశాను. మోడెం లాగే. కీయ్యిమని మొదలెట్టి, గర్రు దగ్గర గొంతు కలిపి. అవతల కంపెనీవాడి యంత్రం నన్ను మోడెం అనుకుని లైను ఇచ్చేసింది.”

అక్షయ నవ్వు ఆపుకుంది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. థీసిస్ మొదలైనప్పటి నుంచి ఇంట్లో మాటలన్నీ ఎంబీపీఎస్‌ల్లోనే నడుస్తున్నాయి. ఎండ ఒంటికి హాయిగా తగులుతోంది, బజ్జీలు వేడిగా ఉన్నాయి. కాసేపు ఈయన పేరేదీ చెప్పకపోయినా ఫరవాలేదనిపించింది.

“అయితే మెయిల్ కూడా ఈలేసే పంపినారా?” అని అడిగింది.

“మరి? హైమా, క్షేమమా, నేను క్షేమం అని ఓ పేజీడు ఈల. అంతటితో ఊరుకుంటే విశ్వనాథం ఎలా అవుతాడు? ఫోటో కూడా పంపాను.”

“ఫోటోనా?” అన్నాడు అఖిల్.

“ఫోటోయే. పాస్‌పోర్ట్ సైజు. నుదురు వేశాను, కళ్లు వేశాను, ముక్కు కాస్త కష్టమనుకో, అయినా వేశాను. మీసం దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోయింది. అక్కడ తనకి మీసం లేకుండా వచ్చింది ఫోటో. ఎవడీ కుర్రాడని మా మావగారు నెట్ సెంటర్‌లోనే కంగారుపడిపోయారట. మర్నాడు పొద్దున్నే గుక్క పట్టుకుని మీసం ఒక్కటీ విడిగా పంపాను.”

హైమావతి ముఖంలో ఏ భావమూ లేదు. బజ్జీల పళ్లెం అక్షయ వైపు జరిపింది, అంతే.

“ఇక చూస్కో, ఈ కబురు కంపెనీలకి తెలిసి హడలిపోయారు. ఈయన మనల్ని కాదంటే జర్మనీలో ఒక్కడు కూడా మన నెట్ తీసుకోడు అని. పెద్ద పెద్ద డైరెక్టర్లు కేకులు పట్టుకుని మా వాటా బయట మెట్ల మీద కూర్చున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో షేర్ మార్కెట్ ఆపేశారు, విశ్వనాథం ఏది ఎంచుకుంటాడో తేలాకే తెరుస్తామని. బెర్లిన్ నుంచి మంత్రి ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తోంది, నేను నెట్‌లో ఉన్నాను కదా. పొద్దున ఎంగేజ్, సాయంత్రం ఎంగేజ్. ఇక ఉండబట్టలేక హెలికాప్టర్ ఎక్కి వచ్చాడు. ఎక్కడ దింపాలి? ఇదిగో ఈ సైకిల్ స్టాండ్ మీదే. ఆ గాలికి ఈ ఊరి సైకిళ్లన్నీ లేచి న్యూరెంబర్గ్‌లో పడ్డాయి. అక్కడివాళ్లు ఇప్పటికీ వాటి మీదే ఆఫీసులకి పోతున్నారు. మంత్రి దిగి, మాస్కు సర్దుకుని…”

“తొంభై తొమ్మిదిల మాస్కెందుకు అంకుల్?” అంది అక్షయ.

“ముందుచూపున్న మనిషి లేమ్మా. మాస్కు సర్దుకుని, చేతులు జోడించి, అయ్యా, దేశం ఆగిపోయింది, మీరు ఒక్క పేరు చెప్పండి అన్నాడు.”

అఖిల్ కుర్చీ అంచుకి వచ్చేశాడు. చేతిలో ఫోన్, ఫోన్‌లో షీట్ తెరిచే ఉంది. ఇన్ని కోతల మధ్య కూడా అతనికి అసలు విషయం మీద ఆశ చావలేదు. అక్షయకి మాత్రం ఆ మంత్రి మీద జాలేసింది. ఆయనా తనలాగే ఒక్క పేరు కోసం వచ్చాడు పాపం.

“చెప్పండి అంకుల్,” అంది నెమ్మదిగా. “ఆఖరికి ఏది తీసుకున్నరు?”

విశ్వనాథం గారు గ్లాసు మీద మూత తీశారు. లోపలికి చూశారు. మళ్లీ మూత పెట్టారు. “అక్కడికే వస్తున్నా. తొందరపడి చెప్పే మాట కాదది. అప్పట్లో ఒక్కోదానికీ ఒక్కో సుగుణం…”

“ఏదీ తీసుకోలేదమ్మా,” అంది హైమావతి.

ఆమె గొంతు పెంచలేదు. బజ్జీల కింద నూనె పీల్చిన కాగితం మారుస్తూ అంది.

“పెళ్లయి నేను ఇక్కడికి వచ్చేసరికి ఆ మోడెం అట్టపెట్టెలోనే ఉంది. సీలు కూడా తియ్యలేదు. బీరువా నిండా ఆ సీడీలే. అన్నింటిలోకీ మంచిది ఏదో తేలాక పెట్టిద్దామని చూస్తున్నారట. చూస్తూ ఉండగానే డయలప్ కాలం అయిపోయింది. నాకు ఈయన దగ్గర్నుంచి మెయిల్ అంటూ ఒక్కటీ రాలేదు. నెట్ సెంటర్‌కి వెళ్లి ఖాళీ పెట్టె చూసుకుని తిరిగొచ్చేదాన్ని. మా నాన్న ఈ సంబంధం వద్దేమోనని కూడా అన్నారు.”

విశ్వనాథం గారు సైకిళ్ల వంక చూస్తున్నారు.

“ఫోన్ మాత్రం చేసేవారు,” అంది ఆమె, ఈసారి ఆయన వైపు చూసి. “చలికాలంలో ఆ వీధి చివరి బూత్‌లో నిలబడి. పళ్లు టకటకలాడుతుంటే మాట సరిగా వినపడేది కాదు. దానికే నేను ఆగాను. నాకైతే ఆ నెట్టూ గిట్టూ ఏది మంచిదో ఇప్పటికీ తెలీదమ్మా. వచ్చిన వారంలోనే బజారుకెళ్లి, తలుపు తెరిచి ఉన్న మొదటి షాపులో సంతకం పెట్టి వచ్చేశాను. అప్పుడప్పుడు పోతుంది, మళ్లీ వస్తుంది. కొంప మునిగిందేం లేదు.”

అఖిల్ తన ఫోన్ వంక చూసుకున్నాడు. తర్వాత అక్షయ వంక చూశాడు. వైవా తారీఖు వచ్చినప్పటి నుంచి ఆమె ముఖాన్ని ఇంత సరిగా చూసినట్టు లేడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“తప్పయింది అక్షయా,” అన్నాడు. “రెండేండ్లు ఇరుక్కుంటమేమో అని నేను భయపడుకుంట కూసున్న. నువ్వేం పోగొట్టుకుంటవో జూడలే.” ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. “నీకేది నొక్కాలనిపిస్తే అది నొక్కు.”

అక్షయ షీట్‌లో ఒక లింకు నొక్కింది. పేరూ, అడ్రసూ కొట్టింది, బ్యాంకు వివరాలిచ్చింది, ఒప్పుకుంటున్నానని గడిలో టిక్ పెట్టింది. టీ గ్లాసులు మళ్లీ నిండేలోపు అంతా అయిపోయింది. టెక్నీషియన్ వచ్చే తారీఖు వైవాకి వారం ముందే పడింది. ఆ తారీఖు చూసి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ అఖిల్‌కి చూపించింది, అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

విశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు. “ఏది తీసుకున్నావమ్మా?”

“అన్నిటికన్న పైన ఉన్నది అంకుల్. పేరు సుత జూడలే.”

ఆయన ఆలోచించారు. తల పంకించారు. చల్లారిన టీ ఒక గుక్క తాగారు.

“అదే మంచిది,” అన్నారు. “ఆ రోజు మంత్రికి కూడా నేను అదే చెప్పాను.”